డబ్బాలో ఒకటి, కౌంటర్లో ఒకటి

ఎవేలియా తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి కౌంటరు మీద పెట్టింది. చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ చేతి పక్కనే ఒక కాగితం పరిచింది.

"చూడండి దోన్యా ఒపల్. నేను శుక్రవారం వేశాను. వీళ్లు సోమవారం అంటున్నారు."

మార్చి పదకొండు మధ్యాహ్నం. బయట కరిగీ కరగని మంచు. హాల్డెన్ ఫెర్రీ పోస్టాఫీసు వరసలో నేను ఆమె వెనకాలే నిలబడి ఉన్నాను. మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే గ్వాటెమాలా వాళ్లు పెద్దావిడ ఎవరినైనా దోన్యా అంటారు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ కౌంటరు వెనక కూర్చున్న ఒపల్ రీస్ వాళ్లందరికీ దోన్యాయే.

ఒపల్ కళ్లజోడు పైకి నెట్టి కాగితం చదివింది. కార్మికుల గాయాల మీద అప్పీళ్లు వినే బోర్డు నుంచి వచ్చింది. అప్పీలుకు గడువు ఫిబ్రవరి ఇరవై ఏడు. కవరు మీద ముద్ర మార్చి రెండు. కాబట్టి తిరస్కరించడమైనది. నాలుగే వాక్యాలు. కింద ఎవేలియా కవరు నకలు జత చేశారు.

"ఎన్నింటికి వేశావు?"

"నాలుగున్నరకి. ఫోర్త్ స్ట్రీట్ డబ్బాలో. ఐదుకి ఎత్తుతారని దాని మీదే రాసుంది కదా? నాతోపాటు మా లైను వాళ్లు ఇంకో పదకొండు మంది వేశారు. అందరికీ ఇదే కాగితం వచ్చింది."

ఆమె తప్పేం లేదు. మా ఊళ్లో ఐదులోపు డబ్బాలో పడ్డ ఉత్తరానికి ఆ రోజు తేదీయే పడుతుంది. మా నాన్న నాకు చెప్పాడు. నేను నా కూతురికి చెప్పాను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు మేమే ధైర్యంగా చెప్పాం, ఏం ఫర్వాలేదు, ఐదులోపు వెయ్యండి అని.

నేను ముందుకు వంగి ఆ నకలు చూశాను. ముద్రలో మా ఊరి పేరు లేదు. రాండాల్ అని ఉంది. పక్కన చిన్న అంకె. నాలుగు.

ఆ నాలుగు నేను నడిపే మిషను నంబరు.

ఎలాగో చెబుతాను. జనవరి దాకా ఆ మిషను ఈ పోస్టాఫీసు వెనక గదిలోనే ఉండేది. పంతొమ్మిదేళ్లు నేనే నడిపాను. ఊళ్లో వేసిన ప్రతి ఉత్తరం మీదా హాల్డెన్ ఫెర్రీ అని ముద్ర పడేది. జనవరి రెండో వారంలో నలుగురు మనుషులు వచ్చి బోల్టులు విప్పారు. దాన్ని నూటపది మైళ్ల అవతలి రాండాల్ నగరానికి తోలుకుపోయారు. ముద్ర వేసే పనులన్నీ ఒకే చోట కలిపేస్తున్నారట. మిషనుతో పాటు మమ్మల్ని తొమ్మిది మందినీ కలిపేశారు. రోజూ ఒక వ్యానులో రెండు గంటలు పోవాలి, రెండు గంటలు రావాలి.

మిషను వెళ్లిపోయింది. డబ్బా మీది చీటీ మాత్రం ఎవరూ మార్చలేదు. ఐదుకి ఎత్తిన ఉత్తరాలు రాత్రంతా వెనక వసారాలో పడుంటాయి. లారీ మర్నాడు పొద్దున గాని కదలదు. శుక్రవారం వేసినవి శనివారం రాండాల్ చేరతాయి. శని, ఆదివారాలు మిషన్లు నడవవు కాబట్టి వాటికి ముద్ర పడేది సోమవారం సాయంత్రమే. ఈ సంగతి ఊరికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు తోచనే లేదు.

"చెయ్యి సంగతి డాక్టరేమన్నాడు?" అని ఒపల్ అడిగింది.

"మే నెలలోపు ఆపరేషను చేస్తే వేళ్లు తెరుచుకుంటాయంట. దాటితే ఇంతే. ఆపరేషను చేయించమంటే కంపెనీ వాళ్లు, ఇది కత్తి వల్ల రాలేదు, నీకు పుట్టుకతోనే ఉందంటున్నారు." ఎవేలియా నవ్వబోయింది, నవ్వు రాలేదు. "పుట్టుకతో ఇలా ఉంటే ఆరేళ్లు గంటకి అన్నేసి పంది భుజం ముక్కలు ఎలా కోశానంట?"

"ఇంకో అవకాశం ఉందా?"

"ఉంది. చివరిది. మార్చి ఇరవై ఆరులోపు ముద్ర పడాలి. ఆలస్యం నా వల్ల జరగలేదని రుజువు చూపించాలి. ఇక్కడి ముద్ర వేసివ్వరా మీరు? అదివరకు అడిగితే వేసేవారు కదా."

ఒపల్ గాజు గది వైపు చూసింది. అక్కడ పోస్టుమాస్టరు థర్లో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఎవరైనా అడిగితే కౌంటరు దగ్గరే చేత్తో వేసిచ్చే గుండ్రటి ముద్ర ఒకటి ఉంటుంది. జనవరి నుంచి అది థర్లో సొరుగులో తాళం కింద ఉంది.

నేను నోరు తెరిచాను. ఆ ముద్ర వేసింది నేనేనమ్మా అని చెప్పాలి. చెప్పలేక బయటికి నడిచాను. కొనాల్సిన తపాలా బిళ్ళలు కొనడం కూడా మరిచిపోయాను.

ఆ ఆదివారం లూథరన్ చర్చి నేలమాళిగలో సభ పెట్టారు. పెట్టింది వ్యాపారుల సంఘం. ఊరి ముద్ర పోతోందని వాళ్లు గోల మొదలుపెట్టి అప్పటికే నెలయింది. ఫర్నిచర్ షాపు హెస్ వేదిక మీద నీలం చొక్కాలు పరిచాడు. వాటి మీద గుండ్రటి ముద్ర బొమ్మ, మధ్యలో ఊరి పేరు.

"నూట నలభై ఏళ్ల పేరు! మన తాతలు యుద్ధాల నుంచి ఎదురుచూసిన ఉత్తరాల మీద ఉన్న పేరు!" అన్నాడు హెస్. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో దుకాణదారులు, వెనక మా తపాలా వాళ్లు, గోడ వారగా మాంసం ఫ్యాక్టరీ వాళ్లు నిలబడి ఉన్నారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నా వాళ్లు నిలబడే ఉన్నారు. మా ఊరి అలవాటది.

మా యూనియను అధ్యక్షుడు డెల్మర్ లేచాడు. మంచివాడే. కానీ గొడవంటే భయం. "అర్జీ పంపాం. పై నుంచి జవాబు రావాలి. అందాకా ఎవరూ తొందరపడి ఏమీ చెయ్యకండి. మా ఉద్యోగాలు అసలే దారం మీద వేలాడుతున్నాయి."

అప్పుడు గోడ దగ్గర్నుంచి ఎవేలియా మాట్లాడింది. కుడిచెయ్యి పైకెత్తి పట్టుకుంది.

"అయ్యా, మీకు పేరు పోతోంది. నాకు చెయ్యి పోతోంది. చొక్కాలేసుకుంటే మీ పేరు మీకు మిగుల్తుంది. నాకేం మిగుల్తుందో చెప్పండి."

హెస్ ఏదో సర్దిచెప్పబోయాడు. "అమ్మా, అది కంపెనీకీ మీకూ ఉన్న గొడవ. ఇక్కడ మాట్లాడేది..."

"ఒకటే గొడవ!" అని అరిచింది ఒపల్. ముప్ఫై నాలుగేళ్లలో ఆమె గొంతు లేవడం నేను వినలేదు. "గడువున్న ఉత్తరాలు ఎవరు రాస్తారు హెస్? నువ్వు రాయవు. నీకు వకీలున్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నవాళ్లు రాస్తారు. పనిలోంచి తీసేసినవాళ్లు రాస్తారు. చెయ్యి తెగినవాళ్లు రాస్తారు. ఒక్క రోజు లేటైతే నీకేం కాదు, వాళ్లు మునిగిపోతారు. ముద్ర తీసుకుపోయినవాళ్లకి ఆ సంగతి తెలియదనుకుంటున్నావా?"

"రసీదు తీసుకోమనండి. కౌంటర్లో రసీదిస్తారు, పనైపోతుంది" అన్నాడు డెల్మర్.

"బోర్డు రసీదు చూడదు. కవరు మీది ముద్రే చూస్తుంది. అది వాళ్ల రూలు" అంది ఎవేలియా.

నేను లేచాను. "ఆ ముద్ర వేసింది నేను" అన్నాను. "రాండాల్లో నాలుగో నంబరు మిషను నాదే. ఎవేలియా కవరు నా చేతుల కిందనుంచే పోయింది. మిగతా పదకొండూ అంతే. గంటకి ముప్ఫై వేలు పోతాయి, నేను చూడలేదు. కానీ వేసింది నేనే."

తిడతారనుకున్నాను. ఎవేలియా నా వైపు తిరిగింది.

"నేను రోజుకి ఎన్ని ముక్కలు కోశానో నాకూ తెలీదక్కా" అంది. "కోసింది నేనే. పంది ఎవరిదో, ఎవరు తిన్నారో చూశానా? లైను ఆపే బటను మన దగ్గరుండదు."

"నా దగ్గర ఉంది" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు.

రుజువు ఎలా చూపించాలన్న దగ్గర సభ ఆగిపోయింది. ఒకరు ఫొటోలన్నారు, ఒకరు సాక్షులన్నారు. చివరికి ఎవేలియాయే చెప్పింది.

"మా లైన్లో కత్తి మొండిదైపోయిందంటే సూపర్‌వైజరు నమ్మడు. మీకే చేతకావట్లేదంటాడు. అప్పుడేం చేస్తామో తెలుసా? ఒకే మనిషి, ఒకే ముక్క, రెండు కత్తులు. పాతదాంతో ఒక కోత, కొత్తదాంతో ఒక కోత. రెండూ పక్కపక్కన పెడతాం. ఇంక నోరెత్తడు. మనమూ అంతే చేద్దాం. ఒకే రోజు, ఒకే మనిషి, రెండు ఉత్తరాలు. ఒకటి ఐదులోపు డబ్బాలో. ఇంకోటి కౌంటర్లో, ఇక్కడి ముద్రతో. రెండూ బోర్డుకే. తెరిచి చూసుకుంటారు."

"ఒక్కరు పంపితే చెత్తబుట్టలో వేస్తారు" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"అందుకే అందరూ పంపాలి" అంది ఒపల్. "ముద్ర సొరుగులోంచి ఒక్క రోజు బయటికొస్తుంది. మార్చి ఇరవై ఆరు. ఎవేలియా చివరి అప్పీలూ ఆ రోజే, ఈ రుజువుతోనే పోవాలి."

అది నిజం. ఊరి నోరు మూయించడానికి పైవాళ్లు ఒక వీడ్కోలు పండగ ఏర్పాటు చేశారు. పోస్టాఫీసు తలుపు మీద రంగుల కాగితం అంటించారు. హాల్డెన్ ఫెర్రీ చివరి ముద్ర, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు, అడిగిన ప్రతి ఒక్కరికీ చేత్తో వేసి ఇవ్వబడును, కేకు పంచబడును. ముద్రలు పోగుచేసే ముసలాళ్లు పది మంది వస్తారని వాళ్ల లెక్క.

హెస్ తన చొక్కాలు మడిచి పెట్టుకున్నాడు. కానీ పోతూపోతూ రెండు అట్టపెట్టెల కవర్లు మా బల్ల మీద పెట్టి పోయాడు.

తర్వాతి పది రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఎక్కడా ఏమీ జరగలేదు. అదే భయం. ఒపల్ తల మీద సీలింగుకి కొత్త కెమెరా బిగించారు. రెండు రోజుల తర్వాత ఇంకోటి. థర్లో గదిలో పైవాళ్లు పంపిన కోటు మనిషి కూర్చుని ఆమె పాత ఫైళ్లు తిరగేస్తున్నాడు. ముప్ఫై నాలుగేళ్ల ఫైళ్లు. మా వ్యానులో సీటు సీటుకీ ఒక నోటీసు పెట్టారు. ముద్రల గురించి బయట మాట్లాడిన ఉద్యోగిపై చర్య తీసుకోబడును. తొమ్మిది మందిమీ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాం.

ఫ్యాక్టరీలో ఎవరెవరు ఉత్తరాలు రాస్తున్నారని అడగడం మొదలైంది. ఎవేలియా ఉండే ట్రెయిలరు ఇంటి ఎదురుగా బూడిదరంగు కారు ఒకటి మూడు రోజులు ఆగి ఉంది. దాంట్లో మనిషి దిగడు, పోడు. ఆమె తల్లి కిటికీకి దుప్పటి కట్టింది. పదకొండు మందిలో ఇద్దరు, మాకొద్దమ్మా మా పిల్లలున్నారు అని తప్పుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను.

రాండాల్లోనూ మాకు ఎవరూ లేరు. అక్కడివాళ్లకు మేమంటే ఒళ్లు మంట. మేం రావడంతో వాళ్లకు మంచి షిఫ్టులు పోయాయి. ఐదో నంబరు మిషను నడిపే లెమ్యూల్ మా అందరినీ ఒకే పేరుతో పిలిచేవాడు.

"ఏయ్ ఫెర్రీ, మీ ఊరి చెత్త మీరే తుడుచుకోండి" అనేవాడు.

ఒక సాయంత్రం అతను నోటీసు బోర్డు ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. నేనూ వెళ్లి చదివాను. రాండాల్ కేంద్రాన్ని మరింత పెద్ద కేంద్రంలో కలిపే విషయం పరిశీలనలో ఉన్నది. అంతే ఉంది.

"ఇరవై రెండేళ్లు" అన్నాడు లెమ్యూల్, నా వైపు చూడకుండా.

"మాకూ ముందు ఇలాగే రాశారు. పరిశీలనలో ఉన్నది అని" అన్నాను.

అతను తన మిషను దగ్గరికి పోయాడు.

మార్చి ఇరవై ఆరు వచ్చింది. నేను సెలవు పెట్టాను. ఎనిమిదిన్నరకే పోస్టాఫీసు మెట్ల మీద వరస. తొమ్మిదికి అది ఫోర్త్ స్ట్రీట్ మలుపు తిరిగింది. అందరి చేతుల్లోనూ రెండేసి కవర్లు. మెట్ల పక్కనే నీలం డబ్బా. ఒకటి అందులో వేసి, రెండోది పట్టుకుని లోపలికి. డబ్బా పదిన్నరకే నిండిపోయింది. నాలుగు వీధులవతల ఇంకోటుంది, ఐదులోపు దాంట్లో వెయ్యండి అని డెల్మర్ నిలబడి చెబుతున్నాడు. అవును, డెల్మరే. పొద్దున్నే వచ్చాడు. ఎందుకొచ్చావని నేనడగలేదు.

లోపల బల్ల మీద పెద్ద కేకు. దాని మీద నీలం క్రీముతో గుండ్రటి ముద్ర, ఊరి పేరు, తేదీ. థర్లో కొత్త టై కట్టుకుని చేతిలో ప్లాస్టిక్ కత్తి పట్టుకున్నాడు. వరసను చూసి మొదట మురిశాడు. కవర్ల మీది చిరునామా చూశాక అతని ముఖం పాలిపోయింది.

"అందరూ ఒకే ఆఫీసుకి రాస్తున్నారేంటి?" అన్నాడు.

"ప్రేమలేఖలు సార్" అన్నాడు వరసలోంచి ఒక కుర్రాడు. అందరూ నవ్వారు.

"కేకు తీసుకోండి, కేకు తీసుకోండి."

"మనిషి పోకముందే దినాల భోజనం పెడుతున్నాడ్రోయ్" అంది ఒక ముసలమ్మ. కేకు ఎవరూ ముట్టలేదు.

కవర్లలో ఏముందో చెబుతాను. ఒక్కో కాగితం. నేను ఫలానా. ఈ రోజు ఈ ఉత్తరాలు రెండూ ఐదులోపు వేశాను. ఒకటి డబ్బాలో, ఒకటి కౌంటర్లో. ఎవేలియా చోక్ కూడా ఫిబ్రవరి ఇరవై ఏడున ఐదులోపే వేసింది. మీ దగ్గరికి వచ్చిన తేదీలు చూసుకోండి. కింద సంతకం. ఇంగ్లీషు రానివాళ్ల కోసం ఒపల్ చెల్లెలు మూడు సాయంత్రాలు కూర్చుని రాసింది.

ఒపల్ ముద్ర వేస్తూనే ఉంది. ఇంకుప్యాడ్ మీద ఒకసారి, కవరు మీద ఒకసారి. మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది. తల మీద రెండు కెమెరాలు. ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

ఎవేలియా పొద్దున్నే వచ్చింది. మొదటి పదిమందిలో ఉంది. కానీ ఫ్యాక్టరీ వాళ్లకు భోజనానికి అరగంటే. షిఫ్టు షిఫ్టుగా పరిగెత్తుకొస్తున్నారు, రబ్బరు బూట్లతోనే, నెత్తిన జాలీ టోపీలతోనే. "నువ్వు పో, నీకు టైములేదు" అంటూ ఎవేలియా ఒక్కొక్కరికీ తన చోటు ఇస్తూ వెనక్కి జరిగింది. నేను రెండుసార్లు వెళ్లి చెయ్యి పట్టుకు లాగాను.

"నీ అప్పీలు కవరే అసలైందమ్మా! ముందు అది వేయించు!"

"వేయిస్తానక్కా. ఐదు దాకా ఉంది కదా? వీళ్లకి అరగంటే."

మళ్లీ అదే నమ్మకం. కాగితం మీద ఐదని రాస్తే ఐదనే అనుకోవడం.

సరిగ్గా పన్నెండుకి కోటు మనిషి బయటికొచ్చి థర్లో చెవిలో ఏదో చెప్పాడు. థర్లో గొంతు సవరించుకున్నాడు.

"కొన్ని కారణాల వల్ల కార్యక్రమం ఇంతటితో ముగిసింది. అందరూ దయచేసి బయటికి వెళ్లండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గోల లేచింది. ఎవరో తలుపు మీది రంగుల కాగితం చింపి చేతికందించారు. అది తలల మీదుగా ముందుకు వచ్చింది.

"ఐదు వరకు అని మీరే అచ్చేశారు!"

"అడిగిన ప్రతి ఒక్కరికీ అని ఉంది! మేం అడుగుతున్నాం!"

"ఒపల్, ముద్ర ఇలా ఇవ్వు" అన్నాడు థర్లో.

ఒపల్ చెయ్యి ఆగలేదు. "తర్వాత ఎవరు?" అంది.

"ఒపల్, ఇది ఆర్డరు!"

"ఆర్డరు గోడ మీదుంది సార్. ఐదు గంటలని. తర్వాత ఎవరు?"

జనం కదల్లేదు. కదలకపోవడమే కాదు, కింద కూర్చున్నారు. రబ్బరు బూట్ల వాళ్లు, దుకాణాల గుమాస్తాలు, రిటైరైన పోస్టుమాన్లు ఆ రాతి నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. నడవాల్సిన దారి ఒక్కటే వదిలారు, కౌంటరు దాకా. ఆ దారిలో ఒక్కొక్కరే లేచి వెళ్తున్నారు. భోజనం అరగంట అయిపోయినవాళ్లు కూడా లేవలేదు. వాళ్ల ఉద్యోగాలు ఆ నిమిషం నుంచి ఉన్నాయో లేవో తెలియదు.

పన్నెండున్నరకి తపాలా పోలీసులు వచ్చారు. ఐదుగురు. పక్క తలుపు నుంచి కౌంటరు వెనక్కి వెళ్లారు. అక్కడ అడ్డం కూర్చోవడానికి మాకు చోటు లేదు.

"ఎవేలియా!" అని అరిచాను. "పరిగెత్తు!"

ఆమె ఇంకా తలుపు దగ్గరే ఉంది. కూర్చున్నవాళ్లందరూ ఒక్కసారిగా చేతులు చాచారు. ఆమెను పట్టుకుని, ముందుకు తోసి, ఒకరి నుంచి ఒకరికి అందించారు. పోలీసు ఒకతను ఒపల్ మోచెయ్యి పట్టుకున్నాడు. ఎవేలియా ముడుచుకున్న వేళ్ల మధ్య ఇరికించుకున్న కవరు కౌంటరు మీద పెట్టింది. ఒపల్ ఆ మోచేతిని విదిలించుకోలేదు, అరవలేదు. రెండో చేతికి ముద్ర మార్చుకుని కవరు మీద ఒత్తింది. గట్టిగా, ఒరగకుండా, ఒక్కసారి. దాన్ని పక్కనున్న సంచిలోకి జారవిడిచింది.

"సంచి మూతి కట్టేస్తున్నాను" అంది పోలీసులతో. "ఇక దీన్ని తెరిచే హక్కు మీకూ లేదు, నాకూ లేదు."

ముద్ర లాక్కున్నారు. చేతులకు బేడీలు వేశారు. అరవై ఒక్కేళ్ల మనిషిని ఆ కేకు పక్కనుంచి నడిపించుకుపోయారు. ఆమె అరచేతులు రెండూ నల్లగా ఉన్నాయి. కింద కూర్చున్నవాళ్లు ఆమె దాటుతుంటే లేచి నిలబడ్డారు. ఎవేలియా ఏడుస్తూ వెంట పరిగెత్తింది.

"దోన్యా, నా వల్లే..."

"నోర్ముయ్ పిల్లా" అంది ఒపల్. "నీ వల్ల ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కరోజైనా నిజంగా పనిచేసినట్టనిపించింది."

ఆ రాత్రి సంచి వసారాలో పడి ఉందని మా అందరికీ తెలుసు. ఎవరూ నిద్రపోలేదు.

మర్నాడు సాయంత్రం ఆరు. రాండాల్. లారీ దించారు. డబ్బా ఉత్తరాల సంచులు, వాటి పక్కన మూతి కట్టిన ఒపల్ సంచి. మా సూపర్‌వైజరు బ్రాడీ అప్పటికే నా మిషను దగ్గర నిలబడి ఉన్నాడు. మామూలుగా అతను గాజు గదిలోంచి రాడు.

"ఇర్మా, ఇవన్నీ కలిపేసి మిషన్లో వెయ్యి. అన్నీ."

నాకు అర్థమైంది. అన్నిటి మీదా ఇరవై ఏడు పడుతుంది. రెండు ముద్రలుంటే బోర్డు రెండోదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు డబ్బా ఉత్తరానికీ కౌంటరు ఉత్తరానికీ తేడా ఉండదు. ఊరంతా అబద్ధమాడినట్టవుతుంది.

"చేత్తో ముద్ర వేసిన ఉత్తరం మిషన్లోకి పోకూడదు. రూలు పుస్తకంలో ఉంది" అన్నాను.

"ఈ రోజు రూలు నేను చెబుతాను."

సంచి విప్పాను. పైనే ఉంది ఎవేలియా కవరు. ఒక మూల ఒపల్ వేలిముద్ర నల్లగా అంటింది. మధ్యలో మా ఊరి పేరు, మార్చి ఇరవై ఆరు. అక్షరం చెదరలేదు. నా మిషను అప్పటికే తిరుగుతోంది. దాని నోరు నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఆ సోమవారం నేను చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను.

ఎర్ర బటను నొక్కాను.

నాలుగో నంబరు ఆగిపోయింది. హాలులో పదకొండు మిషన్ల రొదలో ఒకటి తగ్గితే ఎవరికీ తెలియదనుకుంటాం. అందరికీ తెలిసింది. తలలు తిరిగాయి.

"నడుపు" అన్నాడు బ్రాడీ.

"నడపను."

"ఉద్యోగం పోతుంది. మీ ఫెర్రీ ముసలమ్మ పక్కన కూర్చోబెడతారు."

నేను జవాబు చెప్పేలోపు ఐదో నంబరు ఆగిపోయింది. లెమ్యూల్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైంది ఇర్మా?" అన్నాడు. నా పేరు అతనికి తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

కవరు చూపించాను. చదివాడు. తిప్పి చూశాడు. తర్వాత ఒపల్ సంచి మొత్తం ఒక ట్రేలో పోసి, రెండు చేతులతో ఎత్తుకుని, అప్పీళ్ల బోర్డు ఉన్న ఊరికి పోయే బండి మీద తనే పెట్టి వచ్చాడు. మా వ్యానులో వచ్చేవాళ్లు ఇద్దరు డబ్బా ఉత్తరాల సంచులు విడిగా లాగి పెట్టారు, వాటికి ఇరవై ఏడే పడాలి. ఈలోపు మూడో నంబరు ఆగింది. ఏడు ఆగింది. ఒకటీ, తొమ్మిదీ ఒకేసారి ఆగాయి. హాలులో గోడ గడియారం చప్పుడు వినిపించింది.

బ్రాడీ ఫోను తీశాడు, పెట్టేశాడు. కాగితం, పెన్ను తీసుకుని తన బల్ల దగ్గర కూర్చున్నాడు.

"సరే. ఎవరెవరు చేశారో పేర్లు కావాలి. బాధ్యులెవరో తేలాలి."

"రాసుకో" అన్నాడు లెమ్యూల్. "మొదటి పేరు ఒపల్ రీస్. అక్షరాలు సరిగ్గా రాయి. ఆమెను ఎప్పుడూ చూడలేదు నేను. రెండో పేరు నాది."

మూడోది నాది. నేను పేరు చెప్పి పక్కకు జరగబోతే నా వెనక అప్పటికే మనుషులున్నారు. మా ఊరివాళ్లే కాదు, రాండాల్ వాళ్లు, పేర్లు కూడా తెలియనివాళ్లు. బయట బండి కదిలిన చప్పుడైంది. ఎవేలియా కవరు అందులో పోతోంది, మా ఊరి తేదీతో. బ్రాడీ తల ఎత్తి చూశాడు. వరస అతని బల్ల దగ్గర మొదలై, ఆగిన మిషన్ల మధ్య నుంచి తలుపు దాకా ఉంది.